బారెల్ మార్చే ముందు ఒకసారి మూతి చూసుకోండి

టైటిల్ చూసి ఇదేదో బీరు పీపాల గోల అనుకునేరు :-) కాదు. ఇది రైఫిల్ బారెల్ గురించి, ఇత్తడి కేసు మూతి గురించి, ఆ రెండిట్లో తప్పు దేనిదో తేల్చుకోలేక నేను పడ్డ పాట్ల గురించి. చివరికి వచ్చేసరికి మన ఆఫీసుల గురించి కూడా. "మనకెందుకయ్యా ఈ తుపాకుల గోల" అనేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. రోజూ బగ్గులు వెతుక్కుని బతికే జాతి మనది. ఇదీ ఒక బగ్గు కథే.

ముందుగా రెండు ముక్కలు. అమెరికాలో తుపాకులు ఉండాలా వద్దా అన్న చర్చ ఇక్కడ చెయ్యను, ఆ పేచీ ఎప్పటికీ తెగదు. నేను టెక్సాస్‌లో ఉంటాను, గ్రీన్‌కార్డు వచ్చాకే ఈ సరదా మొదలెట్టాను. ఎందుకు చెప్తున్నానంటే, హెచ్-1 మీద ఉన్న తమ్ముళ్ళు చాలామందికి ఈ సంగతి తెలీదు. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపేదీ లేకుండా ఆ వీసా మీద తుపాకీ గానీ తూటా గానీ చేతిలో పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఫ్రెండుతో సరదాగా రేంజ్‌కి వెళ్ళి ఫోటో దిగినా సరే. ఇక ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం ఉండనే ఉంది, లైసెన్సు లేకుండా ఇంట్లో తూటాలు తయారుచేస్తే నేరుగా జైలే. కాబట్టి ఇది చదివి ఎవరూ ప్రయోగాలకి దిగకండి. ఎంత మందు పోయాలి లాంటి లెక్కలు కూడా రాయను, వాటికి అచ్చు పుస్తకాలున్నాయి.

సరే, అసలు విషయానికొద్దాం.

తూటా అంటే నాలుగు వస్తువులు. ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. పేల్చగానే ప్రైమర్ చచ్చిపోతుంది, మందు కాలిపోతుంది, గుండు వెళ్ళిపోతుంది. మిగిలేది కేసు ఒక్కటే. దాన్ని ఏరుకొచ్చి, కడిగి, మళ్ళీ కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టుకోవడమే రీలోడింగ్. కొంత డబ్బు మిగులుతుంది. మన తుపాకీకి ఏది నప్పుతుందో అది మనమే చేసుకోవచ్చు. మా ఆవిడ భాషలో చెప్పాలంటే "గరాజ్‌లో కూర్చుని చేసే ఇంకో వంట".

నాది .308 విన్చెస్టర్. ఇంటికి గంట దూరంలో ఒక రేంజ్ ఉంది. నెలకి రెండు ఆదివారాలు మావాడిని తీసుకుని వెళ్తుంటాను. వాడికి పదహారేళ్ళు. నాతో పాటు మూడు గంటలు ఫోన్ చూడకుండా కూర్చునే చోటు ప్రపంచంలో అదొక్కటే, అందుకని నాకు ఆ రేంజ్ అంటే ప్రత్యేకమైన అభిమానం.

మొదట్లో 100 గజాల దగ్గర నా తూటాలన్నీ అంగుళం, అంగుళంన్నర లోపల పడేవి. గుండ్లన్నీ కాగితం మీద ఎంత దగ్గరగా పడ్డాయో ఆ వెడల్పుని గ్రూపు అంటారు. ఒక వేసవిలో ఆ గ్రూపు మెల్లగా విచ్చుకోవడం మొదలైంది. రెండు అంగుళాలు అయింది. తర్వాత రెండున్నర. మధ్యలో ఒక గుండు ఎటో వెళ్ళిపోవడం, మిగతావి బాగానే పడడం, మళ్ళీ ఇంకోటి పారిపోవడం.

రేంజ్‌లో సలహాలకేం కొదవ? మన పెళ్ళిళ్ళలో ఉద్యోగాల సలహాలు ఇచ్చేవాళ్ళకంటే ఎక్కువమంది ఉంటారు. అందరిదీ ఒకటే మాట. "బారెల్ అరిగిపోయింది." మా ఆఫీసులోనే పనిచేసే ఒక తెలుగు మిత్రుడు, ఇందులో నాకంటే సీనియర్, తేల్చి చెప్పేశాడు. "గురూ, బారెల్ పోయింది. కొత్తది వేయించెయ్. ఏడొందల డాలర్లతో పీడా పోతుంది."

నిజం చెప్పొద్దూ, నాకా మాట ఎంతో హాయిగా అనిపించింది. ఎందుకో తర్వాత చెప్తాను.

బారెల్ అరగడం అంటే ఏంటో కొంచెం చెప్పాలి. సబ్బు అరిగినట్టు బారెల్ అంతా సమానంగా అరగదు. కేసు కూర్చునే గదికి సరిగ్గా ముందు, లోపలి మెలితిరిగిన గాడులు మొదలయ్యే చోటు ఉంటుంది, దాన్ని థ్రోట్ అంటారు. గొంతు అన్నమాట. పేల్చినప్పుడు ఉక్కు కరిగే వేడికన్నా ఎక్కువ వేడితో వాయువులు ఆ గొంతు మీదుగా దూసుకుపోతాయి. .308 లో ఒత్తిడి పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఇదంతా సుమారు ఒక మిల్లీసెకను వ్యవహారం. ఉక్కు పైపొర ఒక్కసారిగా కాగి, వెంటనే చల్లారి, మళ్ళీ కాగి, చివరికి ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలు క్రమంగా రాలిపోయి, గాడుల మొదలు ముందుకి జరుగుతూ పోతుంది.

.308 బారెల్ మామూలుగా అయిదు వేల తూటాల దాకా బాగానే పనిచేస్తుంది. 6.5 క్రీడ్‌మూర్ రెండు మూడు వేలు. చిన్న గొట్టంలోంచి బోలెడంత మందు కాల్చే మాగ్నమ్ రకాలు కొన్ని వెయ్యికే చేతులెత్తేస్తాయి. ఇంకో సరదా లెక్క. ఒక్కో గుండు బారెల్‌లో ఉండేది మిల్లీసెకను పైచిలుకు. అంటే అయిదు వేల తూటాల బారెల్ మొత్తం సర్వీసు ఆరు సెకన్లు! మనం ముప్ఫై ఏళ్ళు చేసి అలిసిపోయామంటాం :-)

నా బారెల్‌లోంచి అప్పటికి వెళ్ళినవి రెండువేల రెండొందలు. అంటే సగం కూడా కాలేదు. ఆ ఒక్క అంకె చూసైనా నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. పైగా ఏం చేశానంటే, ఫోన్‌కి తగిలించుకునే సన్న కెమెరా ఒకటి యాభై డాలర్లు పోసి కొన్నాను. బోర్‌స్కోప్ అంటారు. బారెల్‌లో దూర్చి చూస్తే గుండె ఆగినంత పనైంది. గొంతు దగ్గరంతా మొసలి చర్మంలా పగుళ్ళు. మావాడికి చూపించి "చూశావా, చెప్పానా" అన్నాను. సాక్ష్యం దొరికేసింది, ఇంకేం కావాలి?

తర్వాత తెలిసిందేంటంటే, కొన్ని వందల తూటాలు పేల్చిన ఏ బారెల్‌లో దూర్చి చూసినా అలాగే కనిపిస్తుందట. ఆ పగుళ్ళతోనే అద్భుతంగా కొట్టే బారెల్స్ ఎన్నో ఉన్నాయి. నేను అంతకుముందెప్పుడూ మంచి బారెల్ లోపల ఎలా ఉంటుందో చూళ్ళేదు. పోల్చడానికి బేస్‌లైన్ లేకుండా లాగ్ ఫైల్ తెరిస్తే ప్రతి లైనూ ఎర్రర్ లాగే కనిపిస్తుంది. మనందరికీ అనుభవమే.

కొత్త బారెల్‌కి ఆర్డర్ ఇవ్వబోతున్న వారం రేంజ్‌లో పక్క బెంచీ పెద్దాయన అడిగాడు. రిటైరైన మెషినిస్టు, డెబ్బై దాటి ఉంటాయి. నా కథంతా విని సలహా ఏమీ ఇవ్వలేదు. రెండే రెండు ప్రశ్నలు వేశాడు. కంపెనీ తూటాలు పెడితే ఇదే తుపాకీ ఎలా కొడుతోంది? నీ కేసులు ఎన్నోసారి వాడుతున్నావు?

మొదటిదానికి నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే పరీక్షించలేదు. రెండోదానికీ లేదు, ఎందుకంటే రాసుకోలేదు. ఇరవై ఏళ్ళుగా వెర్షన్ కంట్రోల్ గురించి జూనియర్లకి క్లాసులు పీకే మనిషిని, నా కేసుల డబ్బా మీద తేదీ కూడా రాయలేదు.

ఆ రోజే అక్కడి కౌంటర్‌లో మంచి రకం కంపెనీ తూటాలు ఒక పెట్టె కొన్నాను. అదే తుపాకీ, అదే స్కోపు, అదే బెంచీ, అదే నేను. మార్చింది తూటాలు ఒక్కటే. పది పేల్చాను. పదీ అంగుళం పావులో పడ్డాయి. వెంటనే నావి పది పేల్చాను. రెండున్నర అంగుళాలు.

బారెల్ నిర్దోషి అని పది నిమిషాల్లో తేలిపోయింది. ఖర్చు ఒక పెట్టె తూటాలు.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి, మనవాళ్ళకి నచ్చుతుంది. పది ఎందుకు, మూడు చాలవా అంటే చాలవు. రేంజ్‌లో అందరూ మూడు గుండ్లు కొట్టి, కాగితం ఫోటో తీసి తీర్పు చెప్పేస్తారు. గుండ్లు ఎలా చెల్లాచెదురవుతాయో మామూలు గాసియన్ లెక్క వేసి చూడండి. మూడు గుండ్లకి సగటున అంగుళం వచ్చే తుపాకీ, ఏ మార్పూ లేకుండానే, అయిదు గుండ్లకి సుమారు 1.3, పది గుండ్లకి సుమారు 1.6 అంగుళాలు చూపిస్తుంది. పైగా మూడేసి గుండ్ల గ్రూపులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఊగుతాయి. అదే తుపాకీతో పొద్దున అర అంగుళం, మధ్యాహ్నం అంగుళంన్నర వచ్చినా అందులో వింతేమీ లేదు. పొద్దున్నది గోడకి తగిలించుకుని, మధ్యాహ్నందానికి బారెల్‌ని తిట్టుకుంటాం. మూడు రిక్వెస్టులు పంపి సర్వర్ పర్ఫార్మెన్స్ తేల్చేవాడిని మనం ఏమంటాం?

ఇక రెండో ప్రశ్న. ఇంటికొచ్చి గరాజ్‌లో లైటేసి, భూతద్దం పట్టుకుని కేసులు ఒక్కొక్కటే చూడడం మొదలెట్టాను. దాదాపు మూడొందలు. మావాడు కూడా వచ్చి కూర్చున్నాడు.

ఇత్తడి గుణం తెలియాలంటే మెటలర్జీ చదవక్కర్లేదు. తీగని అటూ ఇటూ పదిసార్లు వంచండి, విరిగిపోతుంది. ఎందుకంటే వంచినకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడినకొద్దీ పెళుసవుతుంది. తూటా కేసు వాడేది రాగి 70 పాళ్ళు, తుత్తునాగం 30 పాళ్ళు కలిపిన ఇత్తడి. పేల్చిన ప్రతిసారీ మూతి ఉబ్బుతుంది. మళ్ళీ డై లో పెట్టి కావలసిన దానికంటే ఎక్కువే నొక్కుతాం, తర్వాత లోపల్నించి కొంచెం వెడల్పు చేస్తాం. అంటే ఒక్కో రౌండుకి మూడుసార్లు వంచినట్టు. అయిదారు సార్లయ్యేసరికి మూతి మొండికేస్తుంది. నొక్కినా కొంత వెనక్కి తంతుంది. ఒక కేసు గుండుని గట్టిగా పట్టుకుంటుంది, పక్కది వదులుగా. ఆ పట్టు తేడా వస్తే గుండు వేగంలో తేడా, వేగం మారితే కాగితం మీద చోటు మారుతుంది. చివరికి ఒకరోజు మూతి దగ్గర నిలువుగా వెంట్రుకంత చీలిక వస్తుంది.

నా మూడొందల్లో చిట్లినవి పదకొండు. ఇంకా చాలావాటికి మెడ బయట నల్లటి మసి. మెడ గట్టిపడి, పేలినప్పుడు ఉబ్బి గది గోడకి సరిగ్గా అంటుకోకపోతే వాయువులు వెనక్కి జారి ఆ మసి పడుతుంది. మందు మరీ తక్కువైనా పడుతుంది, కానీ నా మందు మారలేదు. కొన్నిటి మూతి లోపల అంచు గరుగ్గా ఉంది, కత్తిరించాక చెక్కడం బద్ధకించాను. ఆ గరుకు అంచు గుండు పైపొరని గీరేస్తుంది. కొన్ని పొడుగు పెరిగాయి. .308 కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు, దాటకముందే 2.005 కి కత్తిరించుకోవాలి. దాటితే మూతి వెళ్ళి గది చివర ఇరుక్కుంటుంది, గుండుని వదలదు, ఒత్తిడి ఉన్నపళాన పెరిగిపోతుంది. అప్పుడది గ్రూపు సమస్య కాదు, ప్రాణం సమస్య.

ఇవన్నీ ఒకే డబ్బాలో కలిసి ఉన్నాయి. నాలుగుసార్లు వాడినవి, పది పన్నెండుసార్లు వాడినవి. ఏది ఏదో దేవుడికే తెలియాలి.

అప్పుడు మావాడు ఒక కేసు పట్టుకుని "నాన్నా, దీనికి ఈ గీత ఏంటి?" అన్నాడు.

మూతి దగ్గర కాదు. అడుగు నుంచి కాస్త పైన, చుట్టూ మెరుస్తున్న సన్నటి రింగు. చూడగానే ఒళ్ళు జలదరించింది. పేపర్ క్లిప్ నిటారుగా చేసి, కొస కొంచెం వంచి, కేసు లోపల గోడ వెంట పైకి లాగి చూడాలి. చేశాను. సరిగ్గా ఆ రింగు ఉన్నచోట క్లిప్ కొస గాడిలో పడ్డట్టు ఆగింది. లోపల గోడ పలచబడిపోయింది. దాన్ని ఇంకొక్కసారి పేలిస్తే కేసు రెండు ముక్కలయ్యే అవకాశం ఉంది. అప్పుడు ఆ వాయువులు ముందుకి కాదు, పేల్చేవాడి మొహం వైపు రావచ్చు.

కారణం మళ్ళీ నేనే. డై ని మరీ కిందకి దించి కేసు భుజాన్ని ప్రతిసారీ అక్కర్లేనంత వెనక్కి నెట్టాను. పేలినప్పుడు కేసు ముందుకి సాగుతుంది, ఆ సాగుడంతా అడుగు దగ్గర గోడ నుంచే వస్తుంది. పేల్చిన కేసు కొలత నుంచి అంగుళంలో వెయ్యో వంతు, రెండు వంతులు నెడితే చాలు. నేను కొలవలేదు. అలాంటి కేసులు నాలుగు దొరికాయి. అంతకుముందు ఆదివారం ఆ డబ్బాలోంచి తీసి మావాడికి ఇరవై ఇచ్చాను. ఏవి ఇచ్చానో తెలీదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు చెప్తాను, "బారెల్ పోయింది" అన్న మాట నాకెందుకు హాయిగా అనిపించిందో. బారెల్ అరగడం ఎవరి తప్పూ కాదు. అది వయసు. కాలధర్మం. ఏడొందలు పారేస్తే పోయే పాపం. కేసు అలా కాదు, అది నా చేతిపని. మూతి చిట్లిందంటే నేను రాసుకోలేదు, కొలవలేదు, బద్ధకించాను అని. అందుకే నా బుర్ర నన్ను నిర్దోషిగా నిలబెట్టే కారణాన్నే వెతుక్కుంది. సాక్ష్యం కూడా అదే ఏరి తెచ్చుకుంది, యాభై డాలర్ల కెమెరాతో సహా. కొత్త బారెల్ బిగించి ఉంటే ఏమయ్యేది? గ్రూపు బాగుపడేది కాదు, రింగు కేసులు మాత్రం డబ్బాలో అలాగే ఉండేవి.

ఈ మూతులు చిట్లే జబ్బుకి మన దేశంతోనే ఒక పాత సంబంధం ఉంది. బ్రిటిష్ సైన్యం ఇండియాలో ఉన్నప్పుడు, వానాకాలంలో పని తగ్గితే తూటాలని గుర్రపుసాలల్లో దాచేవాళ్ళు. వానలు వెలిశాక తీసి చూస్తే చాలా కేసులు చిట్లి ఉండేవి, ముఖ్యంగా గుండు బిగించిన మూతి దగ్గర. పేల్చకుండానే, ఊరికే కూర్చున్నచోటే! సీజన్ వచ్చినప్పుడల్లా జరుగుతోందని దానికి సీజన్ క్రాకింగ్ అనే పేరు స్థిరపడింది. పేరైతే వచ్చింది గానీ కారణం చాలాకాలం తెలీలేదు. 1921 లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, కేసు తయారీలో చల్లగా సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తేనే ఆ చీలిక. బిగువు లేని ఇత్తడిని అమ్మోనియా అలా చీల్చదు. అమ్మోనియా తగలకపోతే బిగువున్న ఇత్తడి కూడా ఊరికే చిట్లదు. మన రేస్ కండిషన్ లాంటిదే. రెండు కారణాలు ఒకేచోట కలిస్తేనే బయటపడే బగ్గు, అందులోనూ వానాకాలంలో మాత్రమే. లోహాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఎంత పరీక్షించినా దొరకదు, తూటాలు ఎక్కడ దాచారో కూడా చూడాలి.

దానికి మందు కూడా ఇత్తడిని వేడి చెయ్యడమే. మన కంచరివాళ్ళకి ఇది ఎప్పట్నించో తెలుసు. బిందె సాగగొడుతూ మధ్యమధ్యలో కొలిమిలో కాల్చి మెత్తబరిచి మళ్ళీ కొడతారు, లేకపోతే అంచు చిట్లుతుంది. రీలోడింగ్‌లో దీన్నే అనీలింగ్ అంటారు. మెడనీ భుజాన్నీ మాత్రం కొన్ని సెకన్లు వేడి చెయ్యాలి. అడుగు భాగానికి వేడి తగలకూడదు, అది మెత్తబడితే ప్రమాదం. అమెరికన్ మిలటరీ కేసుల మెడ దగ్గర కనిపించే నీలిరంగు మరక ఆ వేడిదే. ఇంకోటి, అమ్మోనియా ఉన్న పాలిష్‌తో కేసులు తోమకండి. నేనిప్పుడు పల్చటి నిమ్మ ఉప్పు నీళ్ళలో కడుగుతున్నాను. చింతపండుతో ఇత్తడి చెంబులు తోమిన మా అమ్మమ్మ చూస్తే నవ్వేది.

ఇంతకీ బారెల్ నిజంగా అరగదా అంటే, అరుగుతుంది. కానీ దాన్ని అరిగిందని తేల్చే పద్ధతి ఉంది. ఖరీదు తక్కువ పరీక్ష ముందు, ఎక్కువది చివర. మొదట స్కోపు మరలు బిగుతుగా ఉన్నాయో లేదో. తర్వాత కంపెనీ తూటాలతో పది గుండ్లు. అవీ చెదిరితే బారెల్‌ని శుభ్రంగా కడగాలి, ఎందుకంటే పేరుకుపోయిన రాగి, గొంతు దగ్గర రాయిలా గట్టిపడ్డ మసి రింగు అచ్చం అరుగుదల లక్షణాలే చూపిస్తాయి. బారెల్ చివరి అంచుకి క్లీనింగ్ రాడ్ గీతలు పడ్డాయేమో చూడాలి. ఇవన్నీ అయ్యాక కూడా గ్రూపు విచ్చుకునే ఉంటే, అదే మందుకి గుండు వేగం మెల్లగా పడిపోతుంటే, గుండు గాడుల్ని తాకడానికి మొదట్లో కంటే ఎంతో ముందుకి కూర్చోబెట్టాల్సి వస్తుంటే, అప్పుడు బారెల్‌కి వీడ్కోలు చెప్పొచ్చు. గమనించండి, ఈ చివరి రెండూ తెలియాలంటే బారెల్ కొత్తగా ఉన్నప్పుడే అంకెలు రాసి పెట్టుకోవాలి. ఆ రోజు రాయనివాడికి ఈ రోజు ఊహే గతి.

ఆఫీసు సంగతి చెప్తానన్నాను కదా. ఇదంతా జరిగిన ఏడాదే మా టీములో రాత్రి నడిచే బ్యాచ్ జాబ్ ఒకటి రోజురోజుకీ నెమ్మదించింది. "సర్వర్ పాతదైపోయింది" అని మీటింగులో మొదట అన్నది నేనే. అందరూ తలాడించారు. పాత సర్వర్ ఎవరి తప్పూ కాదు కదా! కొత్తది కొన్నారు, మూడు వారాలు మైగ్రేషన్. జాబ్ అంతే నెమ్మదిగా నడిచింది. కారణం చివరికి ఒక క్వెరీ. నాలుగేళ్ళ క్రితం నేను రాసిందే. అసలు సిగ్గుపడాల్సింది అందుకు కాదు. హైదరాబాద్ టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు, సర్వర్ కొనకముందే, "సర్, ఈ క్వెరీ ఒకసారి చూస్తారా, డేటా పెరిగేకొద్దీ టైము పెరుగుతోంది" అని మెయిల్ పెట్టాడు. రెండు అంకెలు కూడా ఇచ్చాడు. నేను "థాంక్స్, విల్ చెక్" అని కొట్టి మర్చిపోయాను. పక్క బెంచీ పెద్దాయనకి ఇచ్చిన విలువ ఆ కుర్రాడికి ఇవ్వలేదు. అతనికి ఫోన్ చేసి సారీ చెప్పాను. "పర్లేదు సర్" అన్నాడు. అలా అనక ఏమంటాడు పాపం?

అందుకే నా అభిప్రాయం ఇది. ఏ సమస్యలోనైనా ఒక కారణం వినగానే మనసుకి హాయిగా అనిపించిందంటే దాన్నే ముందు అనుమానించండి. "లెగసీ కోడ్", "నెట్‌వర్క్ ప్రాబ్లం", "పాత హార్డ్‌వేర్", "ఆఫ్‌షోర్ వాళ్ళు". వీటిలో నిజమైన కారణాలు ఉండవని కాదు, బారెల్ కూడా ఒకరోజు నిజంగానే అరుగుతుంది. కానీ దానికి డబ్బు పెట్టే ముందు మన చేతిపనిని మనం భూతద్దంతో చూశామా, ఒక్కటే మార్చి పరీక్షించామా, మూడుతో కాక పదితో లెక్కపెట్టామా అన్నది ప్రశ్న. చూస్తే పోయేది కాస్త పరువు. చూడకపోతే ఏం పోతుందో నాకు ఆ మెరిసే రింగు చెప్పింది.

ఇప్పుడు నా కేసులన్నీ యాభై యాభైగా వేరువేరు డబ్బాల్లో ఉన్నాయి. ప్రతి డబ్బా మీద చీటీ: ఎన్నోసారి, ఎప్పుడు కత్తిరించాను, ఎప్పుడు కాల్చాను. పేల్చే ముందు క్లిప్ పరీక్ష మావాడి డ్యూటీ. వాడు పాస్ చెయ్యనిదే డబ్బా గరాజ్ దాటదు. పోయిన నెల నా కేసులు రెండు తీసి పక్కన పెట్టేశాడు. బాగానే ఉన్నాయి కదరా అన్నాను. "డౌట్‌గా ఉంది నాన్నా" అన్నాడు. ఇంకేం మాట్లాడకుండా శ్రావణం తీసుకుని రెండిటినీ నొక్కేసి చెత్తబుట్టలో వేశాను.

బారెల్ పాతదే. మొన్న మూడు వేలు దాటింది.